తాడు వదలొద్దు

మాది కాలవ చివర. కంచికచర్ల, నందిగామ వైపు మెట్ట సంగతి తెలిసినవాళ్లకు ఈ ముక్క చాలు. నాగార్జునసాగర్ ఎడమ కాలవ నల్గొండ పొలాలు తడిపి, ఖమ్మం పొలాలు తడిపి, ఇంకా ఓపిక మిగిలితే మా వైపు వస్తుంది. నీళ్లు వదిలారని పేపర్లో చదువుతాం. వచ్చాయని లస్కరు చెబితే నమ్ముతాం. ఆ రెంటికీ మధ్య రోజుల్లో తూము గట్టు మీద కూర్చుని కాలవ వచ్చే దిక్కుకు చూడటం తప్ప చేయగలిగిందేమీ ఉండదు. ఎదురెళ్లి నీళ్లను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిన మొనగాడు మా వైపు ఇంకా పుట్టలేదు.

సముద్రం సంగతి చెబుతానని కాలవ గొడవ ఎత్తుకున్నాడేమిటి అనుకోకండి. తిమింగలాన్ని దగ్గర్నించి చూడాలంటే చేయాల్సిన పనిని నాకు ముందుగా నేర్పింది ఆ గట్టే. అక్కడా మనం పోవడం ఉండదు. అదే రావాలి.

ఉద్యోగం చేసినన్నాళ్లూ హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెప్పాను. తిమింగలం చేప కాదు, క్షీరదం. దానికి మొప్పలుండవు, ఊపిరితిత్తులుంటాయి. పిల్లల్ని కని పాలిస్తుంది. ఏటా ఇదే రాయించడం, పరీక్షలో ఇదే అడగడం, సగం మంది చేప అనే రాయడం. పరిమాణం చెప్పేటప్పుడు మాత్రం క్లాసు మొత్తం నా వైపే ఉండేది. పరిటాలలో హైవే పక్కన ఆంజనేయస్వామి విగ్రహం ఎత్తు 135 అడుగులు. భూమ్మీద పుట్టిన జంతువులన్నిటిలోకీ పెద్దదైన నీలి తిమింగలం పొడవు దాదాపు వంద అడుగులు. దాన్ని తోక మీద నిలబెడితే స్వామివారి ఛాతీ దాకా వస్తుందిరా అనేవాణ్ణి. ఆ సాయంత్రం బెజవాడ బస్సెక్కిన పిల్లలు పరిటాల రాగానే కిటికీల్లోంచి తలలు బయటపెట్టి లెక్కవేసుకునేవాళ్లట. కండక్టరు వచ్చి నాకే చెప్పాడు, చదువు చెప్పండిగానీ తలకాయలు తెగే చదువు చెప్పకండి మాస్టారూ అని.

మా అమ్మాయి బ్రిస్బేన్‌లో ఉద్యోగం చేస్తోంది. మా నందిగామ, జగ్గయ్యపేట ఊళ్లలో ఇప్పుడు ఏ వీధిలో చూసినా ఒక పిల్లో పిల్లాడో అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటున్నారు, అదేమీ విశేషం కాదు. పోయిన జూన్‌లో మమ్మల్నిద్దర్నీ రప్పించి, కెయిన్స్ తీసుకెళ్లి బోటెక్కించింది. అక్కడి నుంచి ఉత్తరంగా పోతే గ్రేట్ బ్యారియర్ రీఫ్ అంచున రిబ్బన్ రీఫ్స్ అని వరసగా సన్నటి పగడపు దిబ్బలుంటాయి. పేర్లు పెట్టే ఓపిక లేక కాబోలు, ఒకటి నుంచి పది దాకా నంబర్లు వేసేశారు. తిండీ నిద్రా బోటు మీదే. జూన్, జులై నెలల్లో, అంటే అక్కడి చలికాలంలో, ఆ దిబ్బల దగ్గరికి డ్వార్ఫ్ మింకీ అనే తిమింగలాలు వస్తాయి.

తిమింగలాల్లో ఇది పొట్టిది. ఎనిమిది మీటర్ల లోపే. పొట్టిది అన్నానుగానీ బరువు టన్నుల్లోనే చెప్పుకోవాలి. దీన్ని వేరే రకంగా శాస్త్రవేత్తలు గుర్తుపట్టిందే 1980ల్లో. భుజం మీదా రెక్క మొదట్లోనూ తెల్లటి మచ్చ ఉంటుంది, పక్కల మీద బూడిదరంగు చారలు అలముకుని ఉంటాయి. ఏ రెండిటికీ ఆ అల్లిక ఒకేలా ఉండదు. జేమ్స్ కుక్ యూనివర్సిటీ వాళ్లు ఫొటోలు పెట్టుకుని, ఇది ఫలానా ఏడు వచ్చినదే అని పోల్చుకుంటారు. పర్యాటకులు తీసిన ఫొటోలూ వాళ్లకు పనికొస్తాయి. ట్యాగులు వేసి చూస్తే, అక్కణ్ణుంచి తూర్పు తీరం వెంట దక్షిణానికి దిగి చల్లటి నీళ్ల వైపు పోతున్నట్టు తేలింది.

బోటు మీద మొదటి రోజే మా చేత ఆరోగ్యం కాగితాలు నింపించి, పిదప కూర్చోబెట్టి నియమాలు చెప్పారు. చెప్పినది ఇరవై ఐదేళ్లు కూడా నిండని పిల్ల. ఎన్నో ఏళ్లు క్లాసుల్లో అరిచినవాణ్ణి కాబట్టి ఆ పిల్ల గొంతు పెంచకుండా అందర్నీ నోరు మూయించిన తీరు నాకు ముచ్చటేసింది. బోటు వెనక నుంచి పొడవాటి తాడు నీళ్ల మీద తేలుతూ ఉంటుంది, మధ్య మధ్య బంతులు కట్టి ఉంటాయి. మాస్కులు పెట్టుకుని నీళ్లలోకి దిగి ఆ తాడు పట్టుకుని తేలడమే మా పని. తిమింగలం వైపు ఈదకూడదు. మునిగి దాని కిందకు పోకూడదు. తాకకూడదు. ఫ్లాష్ కొట్టకూడదు. వస్తే చూడండి, రాకపోతే నీళ్లు చూడండి. అన్నిటికీ మించి, తాడు వదలొద్దు.

అక్కడ మామూలు బోటు తిమింగలానికి వంద మీటర్ల లోపలికి పోవడం చట్టరీత్యా తప్పు. ఇలా నీళ్లలోకి దింపే అనుమతి కొద్ది బోట్లకే ఉంది. ఇంజను ఆపేసి ఉంటే, దానికి సరదా పుడితే, అదే వచ్చి చూసిపోతుంది. ఒక్కోసారి గంటల తరబడి ఉంటుందట. ఎందుకు వస్తుందో ఎవరూ బల్ల గుద్ది చెప్పలేకపోతున్నారు. మేత కోసం కాదు. మేమేమీ పెట్టం, పెట్టకూడదు. దాన్ని రప్పించే ఎర మా దగ్గర ఏదీ లేదు. అక్కడ ఉన్నామంతే.

తాడు పట్టుకుని చాలాసేపు తేలాను. కింద నీలం. ఆ నీలంలో ఎండ కాడలు కాడలుగా దిగి ఎక్కడో లోతున ఒకచోట కలుస్తున్నట్టుంది. అడుగు కనపడదు. చెవుల్లో నా ఊపిరే మోగుతోంది. మెట్టవాణ్ణి, మున్నేట్లో మోకాలి లోతు దాటి ఎరగను, కాబట్టి తాడు పట్టుకోవడంలో చట్టం పట్ల గౌరవం ఎంతో ప్రాణం మీద తీపి ఎంతో విడదీసి చెప్పలేను.

ముందు చప్పుడొచ్చింది. గబగబా మూడు కొట్లు, ఆ వెంటనే సాగదీసిన ఒక జీర. పాత రేడియోలో స్టేషను వెతికేటప్పటిలా కాదు, జంతువు గొంతులా కూడా కాదు. ఈ కూతను జేసన్ గెడమ్కీ అనే పరిశోధకుడూ అతని సహచరులూ నీళ్లలో మైకులు దించి, ఇది కచ్చితంగా ఈ తిమింగలానిదే అని 2001లో రుజువు చేశారు. 50 హెర్ట్జ్ నుంచి 9,400 హెర్ట్జ్ దాకా ఒకే కూతలో సాగుతుందట. అంకెలు నాకు ముందే తెలుసు, వెళ్లేముందు చదివిపెట్టుకున్నాను. ఆ కొట్లు నా పక్కటెముకల్లో తగులుతాయని మాత్రం ఎక్కడా రాసి లేదు.

తర్వాత నీలంలో ఒక చోట రంగు చిక్కబడింది. మేఘం నీడ అనుకున్నాను. ఆ నీడకు తెల్ల మచ్చ కనిపించింది. ఈదుతున్నట్టు ఎక్కడా లేదు. తోక ఒక్కసారి కదిలింది, అంతే, అంత శరీరమూ నా కింద నుంచి అవతలికి జారిపోయింది. కొంచెంసేపటికి అటునుంచి తిరిగొచ్చింది, ఈసారి ఇంకా పైగా. మూడోసారి తాడుకు సమాంతరంగా, రెండు బారల దూరంలో, చివర ఉన్నవాళ్లతో మొదలుపెట్టి ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చింది. నోటి మూల దగ్గర కన్ను. నల్లగా ఉంది, చుట్టూ రెప్ప ముడతలు. నా దగ్గరికి వచ్చేసరికి ఆ కన్ను కొంచెం తిరిగింది. నా వెనక ఉన్నాయన వైపు కూడా అలాగే తిరిగిందని ఆయన తర్వాత పట్టుబట్టి చెప్పాడు, పంచుకోవడానికి నాకేమీ అభ్యంతరం లేదు. ఒకతను కర్రకు బిగించిన కెమెరాను ముందుకు చాచాడు. తిమింగలం బెదిరిపోలేదు, పరుగూ తీయలేదు. ఆ కర్ర పొడవెంతో అంత పక్కకు జరిగి, అదే వేగంతో సాగిపోయింది. ఇంకొకటి వచ్చి వెల్లకిలా తిరిగి తెల్లటి పొట్ట చూపించింది.

తాడు వదిలి ఒక్క చెయ్యి చాస్తే అందదు. వదిలి ఈదితే అందుతుందేమో అనిపిస్తుంది. అందదు. అందకపోగా అదే మొదలు, అదే ఆఖరు అవుతుంది. ఈ సంగతి అక్కడున్న ప్రతివాడికీ ఎవరూ చెప్పకుండానే అర్థమైంది కాబట్టే ఎవరూ వదల్లేదు. దగ్గరితనం అనేదాన్ని మనం వెళ్లి తెచ్చుకునే సరుకు అనుకుంటాం. దూరం ఎంత ఉండాలో రెండోవాళ్ల చేతిలో పెట్టి ఊరుకోవడం మనకు అలవాటు లేదు. మనుషుల్తోనూ లేదు. మా ఆవిడ ప్రతి ఫోన్లోనూ అమ్మాయిని పెళ్లి సంగతి అడిగేది. నేను పక్కనుంచి అందించేవాణ్ణి. ఫోన్లు వారానికొకటయ్యాయి, తర్వాత పండక్కొకటయ్యాయి. బోటు మీద మేం ఏమీ అడగలేదు, అడగకూడదని కాదు, ఆ గాలికీ ఊగుడుకూ కడుపులో తిప్పి మాట పెగల్లేదు. ఆ రాత్రి డెక్కు మీద కూర్చుని తనే చెప్పింది. ఏం చెప్పిందో ఇక్కడ రాయను. రాస్తే మళ్లీ ఫోన్లు తగ్గుతాయి.

మనిషి తిమింగలం దగ్గరికి తనంతట తానే పోయిన రోజులూ ఉన్నాయి. బ్రిస్బేన్‌కు ఎదురుగా మోరెటన్ దీవిలో టాంగలూమా అనే చోటుంది. ఇప్పుడు రిసార్టు. 1952 నుంచి 1962 దాకా అక్కడ తిమింగలాల కార్ఖానా నడిచింది. ఆ పదేళ్లలో 6,277 హంప్‌బ్యాక్ తిమింగలాలను ఒడ్డుకు లాగి కోశారు. నూనె తీశారు, మిగతాది పశువుల దాణాకూ ఎరువుకూ పోయింది. వాళ్ల పని ఇలా ఉంటే, 1959 నుంచి 1961 వరకు రెండే సీజన్లలో సోవియట్ నౌకలు దక్షిణ సముద్రంలో పాతిక వేల దాకా హంప్‌బ్యాక్‌లను దొంగలెక్కల్లో మాయం చేశాయి. 1962 నాటికి టాంగలూమా పడవలకు చంపడానికి తిమింగలాలు దొరకలేదు, కార్ఖానా మూతపడింది. దయ పుట్టి మూసింది కాదు. తూర్పు తీరంలో అప్పటికి మిగిలినవి కొన్ని వందలే. ఈ రోజున వాటి సంఖ్య నలభై వేలు దాటింది. ఇన్ని దారుణాలు చదివినవాడికి ఇది నమ్మశక్యం కాని మంచి వార్త. ఇందుకు మనుషులు చేసిన ఘనకార్యమల్లా చంపడం మానేసి దూరంగా ఉండటమే. హంప్‌బ్యాక్ ఎనభై ఏళ్ల పైబడి బతకగలదు. ఆ పడవల చప్పుడు విని తప్పించుకున్నవి ఇప్పటికీ ఆ తీరం వెంట తిరుగుతుండొచ్చు.

అన్నిసార్లూ దూరమే మంచిదని కూడా నేననను. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరంలో పెద్ద వేల్ షార్క్ ఒడ్డున చిక్కుకుంది. అది తిమింగలం కాదు, సొరచేప. పేపర్లు ఏం రాసినా మాస్టారిగా ఈ దిద్దుబాటు చేయకుండా ఉండలేను. అటవీ శాఖవాళ్లూ మత్స్యకారులూ నీళ్లలోకి దిగి, దాన్ని తిప్పి లోతుకు సాగనంపారు. అక్కడ తాడు పట్టుకుని చూస్తూ నిలబడితే అది చచ్చిపోయేది.

చెవుల సంగతొకటి చెప్పాలి. మనం తిమింగలానికి కనపడటం తర్వాత, ముందు వినపడతాం. బోటు ఇంజను ఆపేది అందుకే. ఆ చెవి ఎక్కడ మొదలైందో తెలియడం వెనక ఒక రంగారావుగారున్నారు. ఎ. రంగారావు అనే భూగర్భ శాస్త్రవేత్త జమ్మూ ప్రాంతంలోని కాలాకోట్ దగ్గర రాళ్లు సేకరించి, వాటిలో దొరికిన ఒక ప్రాణికి 1971లో ఇండోహైయస్ అని పేరుపెట్టారు. పిల్లి కన్నా కాస్త పెద్దది, గిట్టలున్నది, జింక వాలకం. బతికింది సుమారు 4.8 కోట్ల ఏళ్ల కిందట. ఆయన పోయాక ఇంకా పగలగొట్టని రాళ్లెన్నో ఆయన భార్య దగ్గరే ఉండిపోయాయి. ఆవిడ జర్మనీ మనిషి. భర్త వదిలిపోయిన రాళ్లను ఏళ్ల తరబడి కాపాడుతూ వచ్చింది. హాన్స్ థెవిసెన్ అనే శాస్త్రవేత్త ఆవిడతో పరిచయం పెంచుకుని, చివరికి ఆ రాళ్లు అందుకున్నాడు. ప్రయోగశాలలో శుభ్రం చేస్తుంటే సహాయకుడి చేతిలో ఒక పుర్రె చెవి దగ్గర విరిగింది. విరిగిన చోట, తిమింగలాలకు తప్ప వేరే జంతువుకు ఉండదనుకున్న మందపాటి ఎముక గోడ కనపడింది. 2007 డిసెంబరులో నేచర్ పత్రికలో వచ్చింది ఆ సంగతి. ఆ చిన్న జంతువు మీదికి ఏదైనా వస్తే నీళ్లలోకి దూకి దాక్కునేదని వాళ్ల ఊహ. అంటే తిమింగలాల కథ నేల మీద భయంతో మొదలైంది. దాని దగ్గరి చుట్టాల వంశంలోనిది ఇంత అయి, ఇవాళ తాడు పట్టుకు వేలాడుతున్న మనుషుల్ని చూడ్డానికి తనంతట తాను వస్తోంది. ఈ కథ క్లాసులో చెప్పుకునే అదృష్టం నాకు లేకపోయింది. నేను రిటైరయ్యాక చదివాను.

నన్ను ఇంటికొచ్చాక కూడా వదలని సంగతి వేరే ఉంది. బోటు మీద నియమాలు చెప్పిన ఆ గైడు పిల్ల పగడాల గురించి చెబుతూ, ఈ దిబ్బంతా సున్నపురాయేనండీ, అంగుళం అంగుళంగా చిన్న చిన్న ప్రాణులు కట్టింది అంది. సున్నపురాయి గురించి జగ్గయ్యపేట వైపువాడికా చెప్పడం? మా పక్క నేల కింద ఉన్నదంతా అదే. ఏ చేపా పుట్టకముందు ఇక్కడున్న సముద్రం అడుగున పేరుకున్నది. జగ్గయ్యపేట ధనంబోడు మీద స్తూపాన్ని బౌద్ధులు చెక్కుకున్నది సున్నపురాతి పలకల మీదనే. బర్జెస్ దొర 1882లో తవ్వి తీసి ప్రపంచానికి చూపించాడు. ఇప్పుడు ఆ రాయి కోసమే జయంతిపురం, ముక్త్యాల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు వెలిశాయి. టన్ను సున్నపురాయిని కాల్చి సున్నం చేస్తే 440 కిలోల బొగ్గుపులుసు వాయువు పైకి పోతుంది. బట్టీలో మండే బొగ్గు పొగ దానికి అదనం. మనుషులు వదిలే ఆ వాయువులో పావు వంతు దాకా సముద్రం పీల్చుకుంటుంది. పీల్చుకున్నకొద్దీ నీళ్లు పులుపెక్కి, పగడం తన రాయి తాను కట్టుకోవడం కష్టమవుతుంది. మిగిలిన వాయువు గాలిని వేడెక్కిస్తే ఆ వేడికి పగడాలు తెల్లబోతాయి. గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో 2016, 2017, 2020, 2022, 2024... ఇలా వరసపెట్టి తెల్లబోయాయి. మా బోటూ డీజిలు తాగే పోయింది, అదీ కలపాలి లెక్కలో.

మా ఇల్లు కట్టింది ఆ సిమెంటుతోనే. అమ్మాయి చదువుకు ఫీజు కట్టిన పొలం అమ్మకం కూడా ఆ ఫ్యాక్టరీల వల్ల పెరిగిన ధరకే జరిగింది. నేను నీతులు చెప్పే స్థితిలో లేను. లెక్క మాత్రం బోర్డు మీద వేసినట్టు కళ్ల ముందే ఉంది. అక్కడ నా చేతిని తాడుకు కట్టేశారు, రెండు బారల దూరంలో నిలబెట్టారు, తాకనివ్వలేదు. ఇక్కడ ముక్త్యాల గట్టున ఒక బట్టీ రాత్రీ పగలూ మండుతూ, ఏ తాడూ అడ్డం లేకుండా, అదే నీళ్లలోకి చెయ్యి పెడుతూనే ఉంది. దానికి పట్టుకోవడానికి తాడు ఎవరు వేయాలో, ఎంత పొడవుంచాలో నాకు తట్టడం లేదు. సిమెంటు మానేసి మట్టి గోడలు కట్టుకోమని ఇల్లు లేనివాడితో అనలేను గదా.

ఊళ్లో అందరూ అడిగేవి వేరు. టీ కొట్టు దగ్గర మొదటి ప్రశ్న, ఎంతైంది మాస్టారూ. రెండోది, కరవలేదా. పళ్లుండవురా, నోట్లో జల్లెడ ఉంటుంది, చిన్న చిన్న చేపల్నీ రొయ్యల్లాంటి ప్రాణుల్నీ వడగట్టుకుని తింటుంది అని చెబితే నిరుత్సాహపడతారు. మూడోది, తాకావా. తాకలేదంటే, అంత దూరం పోయి అంత ఖర్చు పెట్టి తాకకుండా వచ్చావా అని జాలిపడతారు. జాలి మొహాన్నే కనపడుతుంది.

మా ఆవిడ మాత్రం ఆ జాలికి ఒప్పుకోదు. ఆవిడ అసలు నీళ్లలోకే దిగలేదు. ఆ నల్ల సూటు వేసుకోమంటే పరువు తక్కువని, శాలువా కప్పుకుని డెక్కు వెనక బల్ల మీద కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చుంది. మేమంతా తాడు పొడవునా తలలు నీళ్లలో పెట్టి వెతుక్కుంటుంటే, బోటుకు అటు పక్క, సరిగ్గా ఆవిడ కూర్చున్న చోటికి ఎదురుగా ఒక మింకీ నిటారుగా తల పైకి లేపిందట. గడ్డం కింద గాళ్లు గాళ్లుగా చారలు, ముక్కు కోసుగా, కాసేపు అలాగే నిలబడి చూసి దిగిపోయిందట. నిటారుగా లేచి చూడటం ఆ జాతికి అలవాటేనని గైడు పిల్ల చెప్పింది, కాబట్టి అబద్ధమనడానికి వీల్లేదు.

మీరు చూసింది చిన్నదండీ, నాదే పెద్దది అంటుంది. నీళ్ల పైకి తల మాత్రమే చూసినదానివి, పొడవెలా తెలుస్తుందంటే, తలను బట్టి చెప్పలేమా ఏమిటి, మీరు పరిటాల ఆంజనేయస్వామి ఛాతీ లెక్కలు చెప్పలేదా అంటుంది. వచ్చే జూన్‌కు మళ్లీ రమ్మంటోంది అమ్మాయి. ఈవిడ ఇప్పటికే డెక్కు మీద ఏ బల్ల కావాలో ఫోన్లో చెప్పేసింది.